ముంపు నీళ్లే దిక్కైనప్పుడు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో చూశాం: చుట్టూ నీళ్లున్నా తాగడానికి కరవే. అలాంటప్పుడు ముందు చేయాల్సింది నీళ్లను తేరనివ్వడం. పటిక ముక్కను బిందెలో నాలుగైదు సార్లు తిప్పి, కదపకుండా వదిలేస్తే మట్టి అడుక్కి దిగుతుంది. పైతేటను నాలుగు మడతల నూలుగుడ్డలో వడకట్టండి. పటికతో క్రిములు చావవు, ఇది మరిచిపోవద్దు.

గ్యాస్ ఉంటే మరిగించడమే మేలు. సలసల మరగడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు. మూతపెట్టి అదే గిన్నెలో చల్లారనివ్వండి.

గ్యాస్ లేకపోతే క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం ఉంటే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు. కొంచెం నీళ్లలో ముద్దగా కలిపి, ఇంకాస్త నీళ్లు పోసి, పౌడర్‌లోని సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగాలి. ఆ తర్వాత కూడా సన్నగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే మళ్లీ అంతే వేసి ఇంకో అరగంట ఆగండి. మూతి విప్పి ఉంచిన పాత సంచిలో పౌడర్ బలం పోతుంది. బురద నీళ్లలోనూ అంతే, క్లోరినంతా మురికికే ఖర్చయిపోతుంది.

డీజిల్ తెట్టు తేలినా, పురుగుమందు వాసన వచ్చినా ఆ నీళ్లు వదిలేయండి. ఎంత మరిగించినా ఆ విషం పోదు.