సైనిక్ స్కూల్ కోచింగ్, మా అబ్బాయి టీసీ: నా అనుభవం

మా అబ్బాయి టీసీ ఎట్టకేలకు చేతికొచ్చింది. మా మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతి విద్యార్థుల జాబితాలో, ఆన్‌లైన్‌లో కూడా, వాడి పేరు ఎక్కింది. కోపం చల్లారకముందే ఇదంతా రాసేయాలని కూర్చున్నాను. విజయనగరం చుట్టుపక్కల సైనిక్ స్కూల్, నవోదయ ప్రవేశ పరీక్షల కోసం పిల్లల్ని ఉంచుకుని చదివించే చిన్న ప్రైవేటు సంస్థలు చాలా ఉన్నాయి. అలాంటి ఒకచోట మా వాడు ఐదో తరగతి ఏడాదంతా గడిపాడు. సంస్థ పేరు రాయను. పిల్లల్ని చేర్చబోయేవాళ్ళకు పేరుకంటే పద్ధతి తెలియడం ముఖ్యం.

మా వైపు కోరుకొండ సైనిక్ స్కూల్ అంటే ఎంత గౌరవమో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. 1962లో విజయనగరం రాజావారి కోరుకొండ ప్యాలెస్‌లో మొదలైన బడి అది. ఊళ్ళో ఒక్క పిల్లవాడికి సీటొస్తే పదేళ్ళపాటు చెప్పుకుంటారు. రాయలసీమలో కలికిరి సైనిక్ స్కూల్ వచ్చినా మా వాళ్ళ చూపంతా కోరుకొండ మీదే. మా అబ్బాయి కూడా ఆ గేటు ముందు నుంచి బస్సులో వెళ్ళినప్పుడల్లా మెడ తిప్పి చూసేవాడు. వాడి కోరిక నిజమైనది. దాన్ని నేను ఈనాటికీ తప్పుపట్టను.

చేర్చడం తేలిక. మొదటి విడత ఫీజు కట్టాం, ట్రంకు పెట్టె, పరుపు, రెండు జతల బట్టలు కొన్నాం, దిగబెట్టి వచ్చాం.

చేర్చేముందు అందరిలాగే మేమూ అభిప్రాయాలు అడిగాం. కరస్పాండెంట్ గారు తానే కొందరు తల్లిదండ్రుల ఫోను నంబర్లు ఇచ్చారు. అందరూ బాగుందనే అన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ పిల్లలందరికీ సీట్లు వచ్చాయి. సీటొచ్చిన పిల్లవాడికి సంస్థవాళ్ళే పూలదండ వేసి, టీసీ చేతిలో పెట్టి, ఫోటో తీసుకుంటారు. సీటు రాని పిల్లవాడి తల్లి నంబరు మాత్రం ఎవరూ ఇవ్వరు. మీరు అడగాల్సింది ఆ నంబరే. ఇవ్వకపోతే ఆదివారం మధ్యాహ్నం ఆ గేటు దగ్గర గంటసేపు నిలబడండి.

ఆదివారం అంటే తల్లిదండ్రులు వచ్చే రోజు. రేకుల షెడ్డు కింద క్యారేజీలు విప్పి పిల్లలకు తినిపిస్తూ మాట్లాడుకునే మాటలే అసలైన అభిప్రాయాలు. అవి కూడా ఒక్క తీరున ఉండవు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే ఒకాయన, "దెబ్బ పడకపోతే చదువెలా వస్తుందమ్మా, మా మేస్టారు మమ్మల్ని కొట్టలేదా" అనేవారు. సైన్యంలో పనిచేసి వచ్చిన ఇంకొకాయన దానికి ఒప్పుకునేవారు కాదు. "నేను రెజిమెంటులో పదిహేడేళ్ళు చేశాను. పదేళ్ళ పిల్లల్ని తెల్లవారకముందే లేపి, ర్యాంకు తగ్గిందని గోడకుర్చీ వేయించడం క్రమశిక్షణ కాదు" అని అందరి ముందూ అన్నారు. నేను ఆయన పక్షం. పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించేలా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అమ్మానాన్నలు సరేనన్నంత మాత్రాన ఆ సెక్షన్ రద్దయిపోదు.

పిల్లల అభిప్రాయం తెలుసుకోవడం మరీ కష్టం. ఫోనులో మాట్లాడించేటప్పుడు స్పీకరు పెట్టి వార్డెన్ పక్కనే నిలబడతాడు. "బాగున్నావా", "బాగున్నాను", "తిన్నావా", "తిన్నాను" అంతే. దసరా సెలవులకు ఇంటికొచ్చాక, వాళ్ళ నాన్న వెనక బండి మీద కూర్చుని వాడు అన్నీ చెప్పాడు. వాడి లెక్క పెద్దవాళ్ళ లెక్కలా లేదు. సాంబారు నీళ్ళలా ఉంటుందని మేం బాధపడుతుంటే వాడికది పట్టనే లేదు. ప్రతివారం మార్కుల ప్రకారం బెంచీలు మార్చేస్తారనీ, వెనక బెంచీకి వెళ్ళిన స్నేహితుడితో మాట్లాడితే తిడతారనీ, అదొక్కటే వాడి బాధ. లెక్కల మాస్టారు మాత్రం దేవుడన్నాడు. అది అక్షరాలా నిజం. భిన్నాలు, శాతాలు, కాలము-దూరము ఆయన చెప్పిన తీరు చూశాక, ఇంజినీరింగ్ చదివిన మా మరిది కూడా ముచ్చటపడ్డాడు. ఆ మాస్టారికి జీతం సరిగా ఇవ్వక సంక్రాంతికల్లా పోగొట్టుకున్నారు. అంతమంచి ఉపాధ్యాయుణ్ని నిలుపుకోలేని సంస్థ గోడనిండా ర్యాంకుల బ్యానర్లు కడితే ఏం లాభం?

సైనిక్ స్కూల్ పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. ఆరో తరగతి ప్రవేశానికి 125 ప్రశ్నలు, 300 మార్కులు, రెండున్నర గంటలు. ఒక్క లెక్కలకే 150 మార్కులు. 50 ప్రశ్నలు, ఒక్కోదానికి మూడు. జనరల్ నాలెడ్జి, భాష, ఇంటెలిజెన్స్ ఒక్కొక్కటి 50 మార్కులు. తప్పు రాస్తే మార్కు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదని పిల్లలకు చెప్పండి. ఇంకో మాట. ఆరో తరగతి పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. మా సంస్థలో "తెలుగులో రాస్తే సీటు రాదు" అని అందరిచేతా ఇంగ్లీషే పెట్టించారు. వాళ్ళ దగ్గర తెలుగు మెటీరియల్ లేదు, అదీ అసలు కారణం. తెలుగు మాధ్యమంలో చదివిన ఎంతమంది పిల్లలు లెక్క వచ్చి కూడా ప్రశ్న అర్థంకాక పోగొట్టుకున్నారో తలచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

2025లో పరీక్ష ఏప్రిల్ 5న జరిగింది. మా వాడికి 212 వచ్చాయి, అందులో లెక్కల్లో 114. సీటు రాలేదు. పదేళ్ళవాడు దేశమంతా రాసే పరీక్షలో లెక్కల్లో అన్ని మార్కులు తెచ్చుకున్నాడు, అది నాకు గర్వమే. ఇంట్లో ఆ సాయంత్రం పాయసం చేశాను.

అసలు కథ టీసీ దగ్గర మొదలైంది.

ఈ పరీక్షకు ఆ ఏడాది మార్చి 31 నాటికి పదేళ్ళు నిండి పన్నెండు దాటకుండా ఉండాలి. అందువల్ల చాలామంది పిల్లలకు రెండోసారి రాసే వీలుంటుంది. సంస్థలకు ఆ రెండో ఏడాది కూడా రాబడే. మా వాణ్ని అడిగాం. "వద్దమ్మా, ఆరో తరగతికి వెళ్తాను" అన్నాడు. మళ్ళీ ఐదులో కూర్చోవడం వాడికి ఇష్టం లేదు. అంతకుమించి నాకు ఇంకో కారణం అక్కర్లేదు. టీసీ కోసం వెళ్ళాను.

ఆఫీసు గదిలో కొత్తగా చేర్చడానికి వచ్చిన రెండు కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. కరస్పాండెంట్ గారు నన్ను వరండాలో చాలాసేపు నిలబెట్టి, సరిగ్గా వాళ్ళున్నప్పుడే లోపలికి పిలిచారు. టీసీ అనగానే ముఖం మారిపోయింది. "మేడం, మీవాణ్ని రెండేళ్ళ బ్యాచ్‌లో రాసుకున్నాం. వచ్చే ఏడాది ఫీజులో సగమైనా కట్టి తీసుకెళ్ళండి" అన్నారు. అలాగని మాతో ఎవరూ అనలేదు, ఏ కాగితం మీదా లేదు. ఆ మాటే అన్నాను. అప్పుడాయన ఆ కొత్తవాళ్ళ వైపు తిరిగి, "చూశారా, పిల్లవాడిలో సరుకు లేకపోతే మేమెంత రుద్దినా ఇంతే. తల్లిదండ్రులేమో మామీద పడతారు" అన్నారు. మా వాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. చెవులు ఎర్రబడి నేలచూపులు చూస్తున్నాడు. ఏడాదంతా తన దగ్గర తిని పడుకున్న పిల్లవాడి గురించి, ఆ పిల్లవాడు వింటుండగా, పరాయివాళ్ళ ముందు అన్న మాట అది. నన్ను ఏమన్నా పడేదాన్నేమో. లెక్కల్లో 114 తెచ్చుకున్న పిల్లవాణ్ని పట్టుకుని సరుకు లేదన్న మనిషి విద్యాసంస్థ నడుపుతున్నాడు.

అక్కడితో ఆగలేదు. ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ముందుకు తోశారు. తల్లిదండ్రుల అభిప్రాయాల పుస్తకమట. సంస్థ శిక్షణ అద్భుతంగా ఉందనీ, మాకు ఏ ఫిర్యాదూ లేదనీ అందులో రాసి సంతకం పెట్టాలి. మా వాడు ఫోను ముందు నిలబడి అవే మాటలు చెబితే వీడియో తీసుకుంటారు. అప్పుడు ఫీజు సంగతి "ఆలోచిస్తారు". ఆ పుస్తకం పేజీలు తిప్పి చూశాను. అన్నీ ఒకే రకం వాక్యాలు. చేతిరాతలు వేరు, మాటలు ఒక్కటే. చేర్చేముందు మాకు చూపించి మురిసింది ఈ పుస్తకమే. దాని వెనక ఎంతమంది తల్లులు ఇలా నిలబడి ఉంటారో అప్పుడు తెలిసింది. నేను రాయనన్నాను. "అయితే టీసీ ఎలా వస్తుందో చూద్దాం" అన్నారు.

తర్వాత ఇంకొక సంగతి బయటపడింది. ఆ సంస్థకు బడిగా గుర్తింపే లేదు. మా వాడి పేరు వేరే మండలంలోని ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతిలో ఉంది. ఆ బడి గేటు కూడా వాడు ఎన్నడూ చూడలేదు. టీసీ ఇవ్వాల్సింది ఆ బడివాళ్ళు. అక్కడికి వెళితే, "సార్ ఫోను చేస్తే గాని ఇవ్వలేం" అన్నారు. సార్ ఫోను ఎత్తరు. హాస్టలు ఇక్కడ, పేరు అక్కడ, ఇద్దరి మధ్య మేం బంతిలా తిరిగాం. మండల విద్యాశాఖ కార్యాలయంలో గుమాస్తా తల ఎత్తకుండానే, "ఆ కోచింగుతో మాకు సంబంధం లేదండీ, మీరే మాట్లాడుకోండి" అన్నాడు. ప్రజల జీతం తింటూ, గుర్తింపులేని చోట ఏడాదంతా పిల్లలున్నారని ఒక తల్లి వచ్చి చెబితే తల ఎత్తనివాడిని ఏమనాలి?

బడులు తెరిచారు. జిల్లా పరిషత్ హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలు మాత్రం, "టీసీ తర్వాత తెద్దురుగాని, పిల్లవాణ్ని కూర్చోబెట్టండి" అన్నారు. ఆవిడకు చేతులెత్తి నమస్కరిస్తాను. కాని ఆన్‌లైన్‌లో పాత బడి వాడి శాశ్వత విద్యా సంఖ్యను డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే బడి వదిలిన పిల్లల జాబితాలోకి, వదిలితే తప్ప కొత్త బడి లాక్కోలేదు. పేరు ఎక్కకపోతే ప్రభుత్వమిచ్చే పుస్తకాల కిట్టు దగ్గర్నుంచి తల్లికి వందనం పథకం డబ్బు దాకా అన్నింటికీ చిక్కే.

మా వీధిలో పదవీ విరమణ చేసిన మాస్టారు ఒకరున్నారు. ఆయన దగ్గర కూర్చుని దరఖాస్తు రాశాం. విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 5: పిల్లవాడు వేరే బడికి మారదలిస్తే పాత బడి ప్రధానోపాధ్యాయుడు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండకూడదు. సెక్షన్ 18: గుర్తింపు పత్రం లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకు పదివేల దాకా. ఈ రెండూ రాసి, పిల్లవాడు ఉన్నది ఎక్కడో, పేరున్నది ఎక్కడో, ఎవరు ఏమన్నారో తేదీలతో వివరించి, ఫీజు రసీదులు జతచేశాం. రసీదులంటే తెల్లకాగితం చీటీలే. వాటిమీద ముద్ర లేదని అందరూ పారేస్తారు, నేను ఒక్కటీ పారేయలేదు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళి ఇచ్చి, నంబరున్న రసీదు తీసుకున్నాను.

ఆ వారం తిరగకముందే పాత బడి నుంచి ఫోను. "అమ్మా, టీసీ రెడీగా ఉంది, మీరు శ్రమపడి రానక్కర్లేదు, మనిషితో పంపుతాం." సగం ఫీజూ లేదు, పుస్తకంలో సంతకమూ లేదు. డ్రాప్‌బాక్స్‌లోకి కూడా ఆ రోజే వదిలారు. ఇన్నాళ్ళూ లేని ఆ మర్యాద ఎక్కడినుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు.

చేర్చేవాళ్ళు ముందే రెండు పనులు చేయండి. పిల్లవాడి పేరు ఏ బడిలో రాస్తారో కాగితం మీద రాయించుకోండి. రెండో ఏడాది మాటను ఫీజు కట్టకముందే తేల్చుకోండి. నవోదయ కోసం చేర్చేవాళ్ళు మరీ జాగ్రత్త. ఆ పరీక్షను రెండోసారి రాయనివ్వరు, ఐదో తరగతి ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా నవోదయకే అర్హత. మీకు చెప్పకుండా పేరు పక్క జిల్లా బడిలో రాస్తే పిల్లవాడి అవకాశం అక్కడే పోతుంది.

మా వాడితోపాటు అక్కడున్న చీపురుపల్లి వైపు పిల్లవాడి టీసీ ఇంకా రాలేదు. వాళ్ళమ్మ నిన్న ఫోను చేసింది. ఆవిడకూ అదే ఎర్ర పుస్తకం చూపించారట. రాయొద్దని చెప్పాను. వచ్చే సోమవారం ఆవిడతోపాటు నేనూ కలెక్టరేట్‌కు వెళ్తున్నాను. దరఖాస్తు నకలు నా దగ్గరుంది. కావలసినవాళ్ళు అడగండి, పేర్లు, తేదీలు మార్చి వాడుకోవచ్చు.