సెన్సర్ మీద బల్లి

సంక్రాంతికి ఊరెళ్తే ఇల్లెవరు చూస్తారని మా ఆవిడ పోరు పెడితే, చివరికి అలారం పెట్టించాను. తలుపుకి అయస్కాంతం, గుమ్మానికి రీడ్ స్విచ్, అంటే అయస్కాంతం దగ్గరుందో లేదో పసిగట్టే చిన్న స్విచ్. తలుపు తెరిస్తే రెండూ దూరమై, అలారాన్ని నడిపే ప్యానెల్‌కు కబురెళ్తుంది.

హాల్లో పీఐఆర్ సెన్సర్. అది ఫొటోలేమీ తీయదు, కదిలే ఒంటివేడిని పరారుణ కిరణాల్లో తేడాగా పసిగడుతుంది, అంతే. మొదటి రాత్రే రెండింటికి గుయ్యిమంది. కర్ర పట్టుకుని వెళ్తే ఏముంది, సెన్సర్ మొహం మీదే బల్లి! పక్కింటి పిన్నిగారు ఇప్పటికీ నవ్వుతున్నారు.

కరెంటు పోతే ప్యానెల్లో బ్యాటరీ ఉంది. కానీ వైఫై కూడా పోతుందిగా? అందుకే సిమ్ వేసే రకం తీసుకున్నాం. సైరన్ చెయ్యందని ఎత్తులో, సన్‌షేడ్ కింద బిగించారు. పిన్ నంబరు మా ఆవిడ పెట్టింది. నాకింకా నోటికి రాలేదు.