చెట్టు కింద బీరు, బల్ల మీద పులిహోర

మ్యూనిక్‌లో బీరు తాగడానికి పోవాలంటే ముందు ఇంట్లో వంట చేసుకోవాలి. తమ్ముడు ఈ మాట అన్నప్పుడు నేను నమ్మలేదు. మరదలు మాత్రం పొద్దున్నే లేచి పులిహోర కలిపింది, కోడి వేపుడు చేసింది, అమ్మ ఊరి నుంచి మోసుకొచ్చిన సకినాలు స్టీలు డబ్బాలో సర్దింది. పిల్లలకి పెరుగన్నం, పెద్దలకి మామిడికాయ పచ్చడి. ఆ సంచులన్నీ పట్టుకుని లోకల్ రైలెక్కి హిర్ష్‌గార్టెన్ స్టేషన్లో దిగాం.

మాది నల్గొండ జిల్లా, గౌడుల ఇల్లు. నాన్న ఉన్నన్నాళ్లూ పొద్దునా సాయంత్రం మోకు భుజానేసుకుని తాళ్లెక్కేవాడు. అమ్మ వనం పక్కన మండువలో కల్లు పోసేది. అందుకే బీరు రుచి ఎలా ఉంటుందోనన్న ఆరాటం నాకు పెద్దగా లేదు. అక్కడ జనం ఎలా కూర్చుంటారు, ఎవరితో కూర్చుంటారు, ఎంతసేపు కూర్చుంటారు, ఇవే చూడాలనుకున్నాను. అమ్మకి కూడా అంతే. తను చుక్క ముట్టదు. కానీ తాగే మనుషుల్ని అమ్మ చదివినట్టు ఎవరూ చదవలేరు.

హిర్ష్‌గార్టెన్ ఒక బీర్‌గార్టెన్, అంటే చెట్ల కింద కూర్చుని బీరు తాగే తోట. అక్కడ సుమారు ఎనిమిది వేల మంది ఒకేసారి కూర్చోవచ్చంటారు. లోపలికి పోయేదాకా అదేదో గోలగోలగా ఉంటుందనుకున్నాను. పెద్ద పెద్ద చెస్ట్‌నట్ చెట్లు, కింద కంకర, పొడవాటి బల్లలు. ఒక పక్క కంచె వేసి జింకలున్నాయి. అక్కడే పిల్లల ఆటస్థలం. పసిపిల్లల బండ్లు, చేతికర్ర ముసలమ్మలు, బల్లల కింద పడుకున్న కుక్కలు. సైకిల్ హెల్మెట్లు బల్ల మీద పెట్టి పేకాడుకుంటున్న కుర్రాళ్లు. మా పక్క బల్ల వాళ్లు గళ్ల గుడ్డ పరిచి, ఇంటి నుంచి తెచ్చిన రొట్టె, చీజ్, ఉడికించిన గుడ్లు, ముల్లంగి తీసి పెట్టుకున్నారు. ఎవరి భోజనం వాళ్లది. కొనాల్సింది తాగేదొక్కటే. హోటలు వాళ్లే గుడ్డ పరిచి, మనిషిని పెట్టి వడ్డించే బల్లలు వేరే ఉంటాయి. అక్కడ మాత్రం మన డబ్బా విప్పకూడదు.

గాజు మగ్గులు అరలో పేర్చి ఉన్నాయి. ఒక్కోటి లీటరు పట్టేది. మగ్గు మనమే తీసుకోవాలి, అక్కడున్న తొట్టిలో మనమే కడుక్కోవాలి, అప్పుడు వరుసలో నిలబడి బీరు పోయించుకోవాలి. సూటు వేసుకున్న ఒకాయన, రంగు మరకల ప్యాంటుతో పని నుంచి నేరుగా వచ్చిన ఇంకొకాయన పక్కపక్కన నిలబడి మగ్గులు కడుక్కోవడం నాకు ఎంతో నచ్చింది.

ఇంటి తిండి తెచ్చుకునే ఈ పద్ధతి రెండు వందల ఏళ్లుగా ఉంది. వేసవిలో కాచిన బీరు చెడిపోయేది, బట్టీల వల్ల అగ్ని ప్రమాదాలూ జరిగేవి. అందుకని పదహారో శతాబ్దంలోనే, మ్యూనిక్ ఉన్న జర్మనీ ప్రాంతం బవేరియాలో, ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాయకూడదని కట్టడి చేశారు. ఎండాకాలానికి కావాల్సింది మార్చిలోనే కాచి, భూమిలో తవ్విన నేలమాళిగల్లో పెట్టేవాళ్లు. చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోసి తెచ్చి అందులో నింపేవాళ్లు. పైన నీడ కోసం చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆకు వెడల్పు, వేళ్లు లోతుకు దిగవు, కింద కప్పు పాడవదు. ఆ నీడలో జనం వచ్చి కూర్చుని అక్కడికక్కడే తాగడం మొదలుపెట్టారు. ఊళ్లో హోటళ్ల వాళ్లకి బేరాలు పడిపోయి గోల చేస్తే, 1812 జనవరి 4న రాజు మొదటి మాక్సిమిలియన్ జోసెఫ్ మధ్యేమార్గంగా ఒక ఉత్తర్వు ఇచ్చాడు. బీరు కాచేవాళ్లు వేసవి నాలుగు నెలలు తమ నేలమాళిగల దగ్గర బీరు, రొట్టె అమ్ముకోవచ్చు. వేరే తిండి అమ్మకూడదు. అమ్మకపోతే జనం ఊరుకుంటారా, ఇంటి నుంచి మూటలు కట్టుకొచ్చారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి కార్ల్ ఫాన్ లిండే శీతల యంత్రం వచ్చి నేలమాళిగల అవసరం తీరిపోయింది. చెట్లు మిగిలాయి, మూటలూ మిగిలాయి.

తమ్ముడు ఇదంతా చెప్తుంటే అమ్మ నా మగ్గు దగ్గరకి లాక్కుని వాసన చూసింది.

"ఇది ఎప్పుడు దించింది రా?"

"దించేది కాదమ్మా, కాచేది. కాచి వారాల తరబడి చల్లగా నిలవబెడతారు."

అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది, పొద్దుగూకే సరికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పనికిరాదు. అమ్మ బతుకంతా ఆ గడియారంతోనే నడిచింది. మిగిలిన కల్లు పారబోసిన రోజులు ఎన్నో. నిలవుండదు కాబట్టే కల్లు చెట్టు దగ్గరే ఆగిపోయింది. నిలవుండే బీరు సీసాలోకెక్కి మా ఊరిదాకా వచ్చింది. పట్నంలో కల్లుకి గిరాకీ ఉండి చెట్లు లేని చోట ఏం జరిగిందో మనకి తెలుసు. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి పోశారు, మనుషులు పోయారు. ఆ వార్తలు వచ్చినప్పుడల్లా అమ్మ అన్నం సరిగా తినేది కాదు, తన చేతి కల్లునే ఎవరో తిట్టినట్టు బాధపడేది.

ఇక్కడ 1516 ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో బవేరియా ప్రభువులు ఒక శాసనం చేశారని తమ్ముడు చెప్పాడు. బీరులో బార్లీ, హాప్స్ అనే చేదు పూలు, నీళ్లు తప్ప ఇంకేమీ పడకూడదు. బీరుని పులియబెట్టే ఈస్ట్ సంగతి అందులో రాయలేదు. అది చేసే పని అప్పటికింకా మనుషులకి అర్థం కాలేదు మరి. ఐదు వందల ఏళ్లు దాటినా ఇక్కడివాళ్లు ఆ మాట గర్వంగా చెప్పుకుంటారు.

"ఏం కలపొద్దని రాజే చెప్పాడా? మంచి రాజు," అంది అమ్మ.

మరదలు తనకోసం రాడ్లర్ తెచ్చుకోవాలనుకుంది. సగం బీరు, సగం నిమ్మ సోడా. ఆఫీసు వాళ్లతో వచ్చినప్పుడు తాగుతుందట. అత్త ఎదురుగా ఎలా అని ఆపిల్ జ్యూసులో సోడా కలిపింది తెచ్చుకుని కూర్చుంది. తమ్ముడికి టెన్షన్, నా వంక చూస్తున్నాడు. అమ్మకి ఇవన్నీ ఎవరూ చెప్పక్కర్లేదు.

"నీకేం కావాల్నో అది తెచ్చుకో బిడ్డా. మా అత్త పొద్దున్నే రేకలో కల్లు పట్టిచ్చుకుని తాగి నాటుకు పోయేది. ఆమె ముందర నేను సిగ్గుపడ్డానా, నా ముందర నువ్వు సిగ్గుపడాల్నా?"

ఆ ఒక్క మాటతో బల్ల చుట్టూ బిగుసుకుపోయిందంతా వదులైంది. అమ్మ చెప్పింది నిజం. నా చిన్నతనంలో మండువలో ఆడవాళ్లూ కూర్చునేవాళ్లు. కోతలప్పుడు పనయ్యాక ఇంటిల్లిపాదీ వచ్చేది. గుగ్గిళ్లో, కాల్చిన ఎండు చేపలో కొంగున కట్టుకొచ్చేవాళ్లు. తాతకి ఎక్కువైతే మనవడే వారించి చెయ్యి పట్టి ఇంటికి తీసుకుపోయేవాడు. తరవాత వైన్స్ షాపులొచ్చాయి. బీరు నల్ల కవర్లో చుట్టించుకోవడం, పర్మిట్ రూమ్‌లో గోడకేసి కూర్చుని తొందరగా తాగేయడం, నాన్న ఎదురైతే సందులోకి తప్పుకోవడం అలవాటైంది. నేను, నాన్న ఒక్కసారి కూడా కలిసి కూర్చుని తాగలేదు. ఆయన పోసిన కల్లు ఊరంతా ఆయన ముందే తాగింది, కొడుకులు మాత్రం చాటుకి పోయారు. తాగుడు మంచిదని నేననడం లేదు. ఇళ్లు కూలిన సంగతులు మా వాడలోనే చూశాను. కానీ ఇంట్లోవాళ్ల కళ్లముందు నెమ్మదిగా తాగే బీరుకీ, చీకట్లో దాక్కుని దింపే బీరుకీ చాలా తేడా ఉందని నా గట్టి నమ్మకం.

ఆ సాయంత్రం మా బల్ల చివర తమ్ముడి పక్కింటి పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. యంత్రాల వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. మనవరాలు వెంట వచ్చింది. పదహారు నిండిందట, చిన్న గ్లాసు బీరు తాత పక్కనే కూర్చుని తాగింది. ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది. మన పిల్లల విషయంలో నేను అంత తొందరగా ఒప్పుకోలేను. అయినా మొదటి గ్లాసు తాతతో తాగడంలో ఒక భద్రత కనపడింది.

గ్లాసులు తాకించేటప్పుడు కళ్లలోకి చూడాలని పెద్దాయన నాకు నేర్పించాడు. "ప్రోస్ట్" అని ఆగి, చూసి, అప్పుడు తాగాలి. ముల్లంగిని సన్నటి చుట్టలా కోసి, ఉప్పు చల్లి, నీరు ఊరేదాకా ఉంచి మా ముందుకి జరిపాడు. మేం సకినాలు జరిపాం. బియ్యప్పిండి, నువ్వులు, వాము కలిసిన ఆ కరకర బీరుతో ఎంత బాగా కుదిరిందంటే, పెద్దాయన రెండో డబ్బా ఉందా అని తమ్ముణ్ణి అడిగాడు. పులిహోర కూడా తిన్నాడు, ఎండుమిర్చి జాగ్రత్తగా పక్కన పెట్టి.

ఆయనకి ప్రతి గురువారం వేరే చోట ఒక బల్ల ఉంది. పాత వర్క్‌షాపు వాళ్లంతా అక్కడ చేరతారు. దాన్ని ష్టామ్‌టిష్ అంటారు. ఆ బల్ల మీద చిన్న బోర్డు పెట్టి ఉంటుంది, బయటివాళ్లు కూర్చోరు. వర్క్‌షాపు మూతబడింది, గురువారం మాత్రం తప్పలేదు. ఒకరు రాకపోతే ఫోన్ చేస్తారు, ఫోన్ ఎత్తకపోతే ఇంటికి పోయి చూస్తారు. ఒంటరిగా బతికే ముసలివాళ్లకి ఇంతకన్నా పెద్ద ఆసరా ఏముంటుంది?

తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినప్పుడు రాత్రి పదకొండింటికి కూడా కాల్స్‌లో ఉండేవాడు. ఇక్కడ చట్టం ప్రకారం ఒక రోజు పని ముగిశాక మళ్లీ పనిలో కూర్చోవడానికి మధ్య పదకొండు గంటల విరామం ఉండాలి. పని ముగిసిన ఆ వేళకి వీళ్లకి ఒక పేరే ఉంది, ఫైరాబెండ్. సాయంత్రం ఆఫీసు నుంచి వెళ్తూ ఒకరికొకరు అదే చెప్పుకుంటారు. జూన్‌లో తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. పని ముగించుకుని పిల్లల్ని తీసుకుని ఇలా చెట్ల కిందకి వచ్చి కూర్చునేంత పొద్దు మిగులుతుంది. తమ్ముడి మొహంలో నాకు కనిపించిన తేటదనం జీతం వల్ల వచ్చింది కాదు.

ఈ సాయంత్రాల కోసం వీళ్లు రోడ్డెక్కారు కూడా. మ్యూనిక్ శివారులో ఒక బీర్‌గార్టెన్ వల్ల నిద్ర పట్టడం లేదని చుట్టుపక్కల వాళ్లు కోర్టుకెళ్తే, రాత్రి తొందరగా మూసేయాలని తీర్పొచ్చింది. 1995 మే 12న ఇరవై వేలకు పైగా జనం నగరం నడిబొడ్డున మారియన్‌ప్లాట్జ్‌లో చేరి నిరసన తెలిపారు. చివరికి 1999లో బవేరియా ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. పదింటికి పాటలు ఆగాలి, పదిన్నరకి ఆఖరి బీరు, పదకొండుకి ఖాళీ చేయాలి. ఇంటి తిండి తెచ్చుకునే హక్కు కూడా అందులో భద్రంగా ఉంది. ఎవరూ పూర్తిగా గెలవలేదు, రెండు పక్కలా నిద్రా సరదా రెండూ మిగిలాయి.

తరవాతి ఆదివారం హెర్షింగ్ దాకా రైల్లో పోయి, అక్కడి నుంచి అడవి దారిన నడిచి ఆండెక్స్ కొండెక్కాం. అమ్మ మెల్లగా ఎక్కింది, వద్దన్నా వినలేదు. పైన బెనెడిక్టైన్ సన్యాసుల మఠం, తీర్థయాత్రికులు వచ్చే చర్చి, దాని పక్కనే మఠం వాళ్ల బీరు. 1455 నుంచి కాస్తున్నారు. గుడి పక్కన బీరేమిటని నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. అమ్మకి అనిపించలేదు. ఎల్లమ్మకి కల్లు సాక పోసి, కాటమయ్యకి మొక్కి తాడెక్కే ఇంటి మనిషి కదా. చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, బయటికొచ్చి కొండ గాలికి కొంగు సవరించుకుని, నన్ను బీరు తెచ్చుకొమ్మంది. డోపెల్‌బాక్ అనే నల్లటి ఘాటు బీరు తెచ్చుకున్నాను. చిక్కగా, మాడిన బెల్లం వాసనతో ఉంది. అమ్మ ముందు కూర్చుని నెమ్మదిగా అంతా తాగాను. నాన్న మొదటిసారి తాడెక్కిన కథ చెప్పింది, అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. సగం చెట్టెక్కి కిందకి చూసి ఏడ్చాడట, వాళ్ల నాన్న కింద నిలబడి దిగు అనలేదట, ఎక్కు అనలేదట.

బయల్దేరే ముందు రోజు పక్కింటి పెద్దాయనని భోజనానికి పిలిచాం. మా ఊరు రావాలనుందని అన్నాడు. అమ్మ వెంటనే నెల కూడా చెప్పేసింది, మార్చి అయితే తాటికల్లు బాగా పారుతుంది, ఎండలు ముదరకముందే రమ్మను అని. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. చిన్నాన్న కొడుకు ఇంకా తాళ్లెక్కుతున్నాడు, వాడికి ఫోన్ చేశాను. పొద్దున్నే దించిన లొట్టి ఒకటి ఇంటికి పంపమంటే ఒప్పుకోలేదు, "ఆయన్ని వనానికే తీసుకురా అన్నా, చెట్టు కింద తాగితేనే కల్లు" అన్నాడు. సరే, వనానికే పోదాం అన్నాను. అమ్మ అప్పుడే సకినాల పిండి లెక్క వేస్తోంది.