మడి ఖాళీగా ఉంటే తుంగ ఊరుకోదు

అనంతపురం వైపు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. ఆ కాస్త తేమనూ కలుపు తాగేస్తే కూరగాయలకు మిగిలేదేముంది? అందుకే కలుపు మొలిచాక తొలిక పట్టుకోవడం కాదు, ఏ మడిలో ఏది ఎప్పుడు వేస్తామన్నది ముందే తేల్చుకోవాలి.

పంట మార్చడమంటే పేరు మార్చడం కాదు, కుటుంబం మార్చడం. టమాటా తీసి వంగ వేసినా, మిరప వేసినా నేలకు అది పాత పంటే. బెండ, గోంగూర కూడా ఒకే కుటుంబం. సొర, బీర, కాకర, దోస ఇంకొకటి. నాలుగు మడులుంటే ఒక కుటుంబం అదే మడికి ఐదో ఏడు తిరిగి రావాలి.

పీకేసిన ప్రతి మొక్క వేరునూ కడిగి చూడండి. అలసంద వేరు మీది బుడిపెలు గోటితో గీరితే ఊడొస్తాయి, చిదిమితే లోపల గులాబీ రంగు. అవి నత్రజనిని పట్టిచ్చేవి, మంచివి. టమాటా, బెండ వేర్లే ఉబ్బి ముడులు కట్టి, గీరినా ఊడకపోతే అది వేర్లను పట్టే నులిపురుగు పని. దాన్ని తగ్గించడానికి ఆ మడిలో బంతిని ఒత్తుగా రెండు మూడు నెలలు పెంచండి. గట్టు మీద నాలుగు బంతి మొక్కలు పెడితే చాలదు, మడంతా వేర్లు అల్లుకోవాలి.

ఒక పంట అయిపోయాక రెండోది ఆలోచిస్తే నెల పోతుంది. అలసంద కాపు 80–90 రోజులకు తగ్గిపోతుంది, వంగ నారుకు 30–35 రోజులు పడుతుంది. కాబట్టి 55వ రోజుకల్లా నారు పోయాలి. టమాటా నాటిన రోజే సాళ్ల మధ్య మెంతి చల్లి, 25–30 రోజుల్లో పీకేయండి. అంతకు మించి ఉంచితే టమాటాకు పోటీ. కొత్తిమీరైతే 15 రోజులకోసారి కొంచెం కొంచెం చల్లుకోవాలి. ఎండాకాలంలో నీడ వల లేకుండా వేస్తే ఆకు రాకముందే పూతకొస్తుంది.

కొత్త మడికి ముందు నీళ్లు పెట్టి 8–10 రోజులు ఆగండి. మొలిచిన కలుపును అంగుళం లోతు మించకుండా గీకేసి, మట్టి తిరగేయకుండా విత్తండి. లోతుగా తవ్వితే అడుగున పడి ఉన్న గింజలు పైకొచ్చి మళ్లీ మొలుస్తాయి. ఈ ఒక్క పనే సగం కూలి మిగులుస్తుందని నా గట్టి నమ్మకం.

తుంగకు మాత్రం ఇది పనిచేయదు. దాని గడ్డలు నేలలో గొలుసులా అల్లుకుని ఉంటాయి. పార తగిలి విడిపోతే, నిద్రలో ఉన్న గడ్డలు కూడా మొలుస్తాయి. ఏప్రిల్–మే ఎండల్లో తడి లేని నేలను జానెడు లోతు తవ్వి, గడ్డలు ఏరి, మిగిలినవి ఎండిపోయేలా రెండు మూడుసార్లు తిరగేయాలి. ఏరిన గడ్డలను ఎరువు గుంతలో వేయొద్దు. వయ్యారిభామ (పార్థీనియం) కలుపును పూత రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని పీకాలి.

మొక్కలు నిలదొక్కుకున్నాక చెనిక్కాయ (వేరుశనగ) పొట్టు రెండు అంగుళాల మందం పరచండి, మనకు దొరకని సరుకేం కాదు. బూజు పట్టిన పొట్టు వద్దు, మొదలుకుళ్లు వస్తుంది. మంచి పొట్టైనా కాండానికి నాలుగు వేళ్ల దూరంలోనే ఆపాలి.