వరద నెలల్లో సంఘం కూడిక ఆగకుండా: నా అనుభవం

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. నది మధ్య లంకల్లో క్రైస్తవ సంఘం నడిపేవాళ్లకు ఈ మూడు అంకెలూ నోటికి రావాలి. మేం మొదటి హెచ్చరికకే మందిరం సర్దేస్తాం. బైబిళ్లు, పాటల పుస్తకాలు, సంఘం రిజిస్టరు రెండేసి పాలిథిన్ సంచుల్లో చుట్టి అటక ఎక్కిస్తాం. తబలా, డోలక్ గట్టు మీది ఇంటికి పోతాయి. చెమ్మకు చర్మం వదులైపోతుంది. రెండో హెచ్చరిక దాకా ఆగితే పడవలు మనుషులకే చాలవు.

ఇళ్లను గుంపులు చేయడం మాత్రం జూన్‌లోనే అయిపోవాలి. ఎనిమిది, పది ఇళ్లకో గుంపు, అందులో వాక్యం చదివి ప్రార్థన నడిపించగలిగినవాళ్లు ఇద్దరు. ఒక్కరినే పెట్టుకుంటే, ఆ ఒక్కరూ పునరావాస కేంద్రానికి వెళ్లిన రోజే కూడిక ఆగిపోతుంది. ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు, ద్రాక్షరసం దొరకనప్పుడు గుప్పెడు ఎండుద్రాక్ష రాత్రి పావు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో నానేసి, పొద్దున పిసికి వడగడితే చిన్న గుంపుకు సరిపోతుంది.

నీళ్లున్నన్ని రోజులూ అందరూ వస్తారు. అసలు పరీక్ష నీళ్లు తీశాక మూడో వారంలో. నారుమళ్లు కుళ్లి ఉంటాయి, అరటి పడిపోయి ఉంటుంది, వడ్డీవాడు గుమ్మంలో ఉంటాడు. మగవాళ్లు వలస కూలికి, కొందరు ఆడవాళ్లు కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి బయల్దేరతారు. విశ్వాసం చల్లారిందని వాళ్లను మందలించడం పెద్ద తప్పు. ఆదివారం కూడిక తెల్లవారుజామున ఐదింటికి మార్చి ముప్పావుగంటలో ముగిస్తే, కూలికి వెళ్లేవాళ్లు కూడా కూర్చోగలుగుతారు. కానుకల సంచి తిప్పడం ఆపి గుమ్మం దగ్గర మూతపెట్టె పెట్టాలి. చేతిలో రూపాయి లేనివాళ్లు ఆ సంచికి సిగ్గుపడి కూడికకే రావడం మానేస్తారు. లేనివాళ్ల కోసం ఇంటింటా తీసిపెట్టే పిడికెడు బియ్యం మాత్రం ఆపకూడదు. అవి ఎవరింటికి వెళ్లాయో ఇద్దరు పెద్దలకు తప్ప తెలియకూడదు.

సువార్త సంగతి. బియ్యం సంచితో కరపత్రం ఇవ్వం. ఆకలిగా ఉన్నవాడు వద్దనలేడు, కాబట్టి అది అడగడం కాదు, ఒత్తిడి. మా వరసలో ఉన్న ప్రతి ఇంటికీ, ఏ దేవుణ్ణి కొలిచినా, అదే కొలత. సువార్త మాటలు తర్వాత, వాళ్లు అడిగితే, వాళ్ల అరుగు మీదే. ఈ ఓపిక డెల్టాకు కొత్త కాదు. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ చాలా ఏళ్లు పెద్దగా ఫలం కనపడకుండానే ఈ ఊళ్లలో తిరిగారు.

వలస వెళ్లినవాళ్ల పేర్లు రిజిస్టరులోంచి కొట్టేయం. పక్కన ఫోన్ నంబరు రాసి, గుంపులో ఒకరికి ఒక్కో పేరు అప్పగిస్తాం. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఆదివారం కుదరదు, అక్కడ సెలవురోజైన శుక్రవారం ఫోన్ చేయాలి.