కట్టుబట్టలతో మిగిలారు

నాలుగు రోజుల నుంచి ఒకే ఓడ గురించి చదువుతున్నా, పేరు స్కౌబ్రిన్, నార్వే వాళ్ళది. టైటానిక్ తెలియనివాళ్ళు ఉండరు గానీ ఈ పేరు నేను ఇప్పటిదాకా వినలేదు, మీలో కూడా చాలామంది విని ఉండరనుకుంటా.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి యూరప్‌లో లక్షలమందికి ఇల్లూ లేదు ఊరూ లేదు. అటుపక్క ఆస్ట్రేలియాకి జనం కావాలి, పనిచేసే చేతులు కావాలి. 1945లో వలసల కోసమే ఒక శాఖ పెట్టారు, మొదటి మంత్రి ఆర్థర్ కాల్వెల్. (అప్పట్లో తలుపు తీసింది తెల్లవాళ్ళకే, మనలాంటివాళ్ళకి కాదు. అది మర్చిపోయి ఈ కథ చెప్పుకోవడం నాకిష్టం లేదు.) మొదట్లో చాలామంది యుద్ధంలో సైనికుల్ని మోసిన ఓడల్లోనే వెళ్ళారు, పెద్ద పెద్ద హాళ్ళలో ఒకదాని మీద ఒకటి మంచాలు, మగవాళ్ళు ఒకచోట, ఆడవాళ్ళూ పిల్లలూ ఇంకోచోట. స్కౌబ్రిన్ అలా కాదు, 1951లో వలస ప్రయాణికుల కోసమనే సిద్ధం చేసిన ఓడ.

1958 మార్చిలో జర్మనీలోని బ్రెమర్‌హావెన్ నుంచి బయల్దేరింది. వెయ్యిమందికి పైగా ప్రయాణికులు, ఎక్కువగా జర్మన్లు, మాల్టా వాళ్ళు కూడా ఉన్నారు. సూయజ్ కాలువ దాటి హిందూ మహాసముద్రంలోకి వచ్చాక మార్చి 31న ఇంజిన్ రూమ్‌లో మంటలు లేచాయి, ఇక అదుపులోకి రాలేదు. అందర్నీ లైఫ్‌బోట్లలోకి దించేశారు. సముద్రం ఆ రోజు నెమ్మదిగా ఉండబట్టి బతికిపోయారు, గుండెపోటుతో ఒక్కరు మాత్రం పోయారు. వెయ్యిమందిలో ఒక్కరు! పిల్లల్ని తాళ్ళు పట్టుకుని కిందికి దించుతుంటే ఆ తల్లుల ప్రాణం ఎలా కొట్టుకుని ఉంటుందో, నాకు ఊహించుకోవాలంటేనే భయమేసింది.

కాపాడటానికి వచ్చిన సరుకుల ఓడ పేరేంటో తెలుసా, సిటీ ఆఫ్ సిడ్నీ. ఆస్ట్రేలియా దాకా వెళ్దామని బయల్దేరినవాళ్ళని నడిసముద్రంలో ఎక్కించుకుంది ఆ పేరున్న ఓడే.

లైఫ్‌బోట్లలోంచి తీసిన ఫొటోలు కొన్ని చూశాను, దూరంగా ఓడ, దానిమీద నల్లటి పొగ. నా కళ్ళు మాత్రం ఆ పొగ మీద కాదు, లోపలున్న ట్రంకుపెట్టెల మీదే ఉండిపోయాయి. శాశ్వతంగా దేశం వదిలి వెళ్ళేవాళ్ళు ఏం సర్దుకుంటారు? సర్టిఫికెట్లు, పనిముట్లు, దుప్పట్లు, అమ్మానాన్నల ఫొటో. అంతా పోయింది. పొద్దున అన్నీ ఉన్నవాళ్ళు సాయంత్రానికి కట్టుబట్టలతో మిగిలారు. ఓడని లాక్కెళ్ళి ఒడ్డుకి చేర్చాలని చూశారు గానీ ఏప్రిల్ 6న దారిలోనే మునిగిపోయింది. యుద్ధం తర్వాత ఆస్ట్రేలియాకి వలసవాళ్ళని మోసిన ఓడల్లో ప్రయాణం మధ్యలో సముద్రం పాలైంది ఇదొక్కటే.

తర్వాత వాళ్ళని రోమా అనే ఇంకో ఓడలోకి మార్చి, ఇప్పటి యెమెన్‌లో ఉన్న ఏడెన్ రేవుకి చేర్చారు. నేనైతే అక్కణ్ణుంచి ఇంటికే పోదామనేదాన్నేమో. వాళ్ళలో ఎక్కువమంది మాత్రం ఒర్సోవా అనే ఇంకో ఓడ ఎక్కారు, మళ్ళీ అదే సముద్రం మీదుగా, ఆస్ట్రేలియాకి.