ఎలా ఉన్నారని అడిగే ఉద్యోగం

మొన్న మే నెలలో మూడు వారాల సెలవు మీద గుంటూరు వచ్చాను. బ్రాడీపేటలో మా పెద్దమ్మ ఇంట్లో ఆవకాయ కలుపుతున్న రోజున, ఇంగ్లండులో నేను చేసే ఉద్యోగం ఏమిటో మరోసారి చెప్పవలసి వచ్చింది. బీఫార్మసీ అయ్యాక అక్కడికి వెళ్లి క్లినికల్ రీసెర్చిలో ఎమ్మెస్సీ చేశాననీ, ఒక ఆసుపత్రిలో రొమ్ము, థైరాయిడ్ గడ్డలకు ఆపరేషన్లు చేసే విభాగంలో ట్రయల్స్‌కు, అంటే చికిత్సలను రోగుల్లో పోల్చి చూసే పరిశోధనలకు, కోఆర్డినేటరుగా పనిచేస్తున్నాననీ చెబితే మా వాళ్లకు సగమే అర్థమవుతుంది. అందుకని ఈసారి తేలికగా ఉంటుందని, "ఆపరేషను అయి ఇంటికి వెళ్లిపోయినవాళ్లకు ఏడాదికోసారి ఫోను చేసి, ఎలా ఉన్నారని అడుగుతాను" అన్నాను. అందరూ నవ్వారు. "ఆ మాత్రం దానికి అంత దూరం పోవాలా?" అన్నాడు బావ. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. జాడీ మూతికి కట్టే గుడ్డ మడత పెడుతూ, "నాకు ఆపరేషనై పదకొండేళ్లయిందే. ఎలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు. ఆ తెల్లవాళ్లకు చేసే ఫోను నాకూ ఒకటి చెయ్యకపోయావుటే" అంది. తిట్టినట్టు లేదు, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది.

నాకు ముందు వచ్చింది కోపమే. ఐదేళ్లుగా ప్రతి ఆదివారం ఇంటికి ఫోను చేస్తున్నాను. పెద్దమ్మతో మాట్లాడకుండా పెట్టేసిన వారం లేదు. కూరేమిటి, వాన పడిందా, ఎవరి సంబంధం ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ అడుగుతాను. ఆపరేషను ఊసు మాత్రం ఎత్తను, మా ఇంట్లో ఎవరూ ఎత్తరు కనుక. అప్పట్లో కూడా పిల్లలమైన మాకు రొమ్ము క్యాన్సరు అనకుండా, "గడ్డ తీశారు" అన్నంతవరకే చెప్పారు. ఇలా నా తరఫు వాదన పేర్చుకుంటూ ఉండగా, ఆవిడ పమిట చాటున పెట్టుకున్న కుడిచెయ్యి కంటబడింది. ఎడమచేతికి రెండు బంగారు గాజులు, వాటి మధ్య మట్టిగాజులు ఉన్నాయి. కుడిచేతికి ఏమీ లేవు. మోచేతి నుంచి మణికట్టు దాకా ఆ చెయ్యి రెండో చేతికి ఒకటిన్నర రెట్లు ఉంది. మూడేళ్లుగా ఆవకాయ కలిపే పని మా అక్క చేతికి మారిందని ఫోటోల్లో చూస్తూనే ఉన్నాను. పెద్దమ్మకు వయసు మీద పడింది కాబోలు అనుకున్నాను.

నేను ఫోనులో అడిగే ప్రశ్నలు నా సొంతం కావు. యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ తయారుచేసిన ప్రశ్నావళి అది. ఏ క్యాన్సరుకైనా వాడే ప్రశ్నలు 30, రొమ్ము క్యాన్సరు వచ్చినవారికి అదనంగా మరో 23. చాలావాటికి జవాబు 1 నుంచి 4 వరకు ఒక అంకె. అస్సలు లేదంటే 1, చాలా ఎక్కువగా ఉందంటే 4. అందులో వరసగా మూడు ప్రశ్నలు వస్తాయి: గత వారంలో చెయ్యి గానీ భుజం గానీ నొప్పి పెట్టిందా, చెయ్యి వాచిందా, చెయ్యి పైకెత్తడం కష్టమైందా. ఈ "చెయ్యి వాచిందా" అన్న ప్రశ్నను కొన్ని వందలసార్లు అడిగి ఉంటాను. వీధి పేరు, ఇంటి నంబరు తప్ప ముఖం తెలియని ఆడవాళ్లను అడిగాను. నన్ను ఎత్తుకు పెంచిన మనిషిని అడగలేదు.

ఆ వాపు ఎందుకు వస్తుందో మా వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. చంకలోని లింఫు గ్రంథులను తీసేస్తే చేతిలోని ద్రవం వెనక్కి పారే దారి దెబ్బతింటుంది. ఆపైన రేడియేషన్ కూడా ఇస్తే మిగిలిన దారులు ఇంకా ఇరుకవుతాయి. వాపు నెలల్లో రావచ్చు, కొన్నేళ్లు ఆగీ రావచ్చు. 1880లలో అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ మొదలుపెట్టిన పద్ధతిలో రొమ్మునూ, దాని కింది ఛాతీ కండరాలనూ, చంక గ్రంథులనూ కలిపి తీసేసేవారు. ఎంత ఎక్కువ తీస్తే రోగి అంత ఎక్కువ కాలం బతుకుతుందన్న నమ్మకం తర్వాత చాలా దశాబ్దాలు నిలిచింది. దాన్ని పరీక్షకు పెట్టినవారిలో ముఖ్యులు అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, మిలాన్‌లో ఉంబెర్తో వెరోనేసి. ఫిషర్ బృందం 1971లో మొదలుపెట్టిన ట్రయల్‌లోని ఆడవాళ్లను 25 ఏళ్లు గమనించారు; వెరోనేసి బృందం 1973 నుంచి చేర్చుకున్న 701 మందిని 20 ఏళ్లు గమనించారు. రెండు ఫలితాలూ 2002లో వచ్చాయి: తక్కువ కోసినంత మాత్రాన ఆయుష్షు తగ్గలేదు. చంక గ్రంథుల సంగతి ఆ తర్వాత తేలింది. రొమ్మును ఉంచి గడ్డ మాత్రం తీసి, రేడియేషన్ ఇచ్చినవారిలో ఒకటి రెండు కాపలా గ్రంథుల్లో (జబ్బు చంకలోకి పాకితే ముందుగా చేరే గ్రంథుల్లో) మాత్రమే జబ్బు కనబడితే, మిగిలినవన్నీ తీయకపోయినా ఫరవాలేదని 891 మందితో జరిగిన ఒక అమెరికా ట్రయల్ 2011లో చూపించింది. పెద్దమ్మకు చేసిన ఆపరేషను వేరు, రొమ్ము మొత్తం తీశారు కనుక ఆ ఫలితం ఆవిడకు సరిగ్గా వర్తించదు. ఆవిడకు తప్పుడు వైద్యం జరిగిందని నేను అనడం లేదు. తర్వాత ఆ చెయ్యి ఏమైందో ఎవరికీ తెలియదన్నదే నన్ను వదలకుండా పట్టుకున్న సంగతి.

మా విభాగంలో కొత్తగా చేరినవారికి చెప్పే కథ ఒకటి ఉంది. స్విట్జర్లాండులో థియోడర్ కోచర్ అనే సర్జన్ గొంతు మీద కాయలాగా పెరిగే థైరాయిడ్ గడ్డలను రక్తం పోకుండా, ప్రాణం పోకుండా తీయడంలో అందరికంటే ముందున్నాడు. ఆపరేషను బల్ల మీద చనిపోయేవారి సంఖ్య అంతగా తగ్గించినవాడు కనుక, తన ఆపరేషన్లు విజయవంతమయ్యాయని ఆయన అనుకోవడంలో తప్పేమీ లేదు. 1874లో గ్రంథి మొత్తం తీసేసిన ఒక పిల్ల తర్వాత మందకొడిగా తయారైందని ఆ ఊరి వైద్యుడి ద్వారా తెలిసింది. జెనీవాలోని మరో సర్జన్ కూడా 1882లో అలాంటి మాటే చెప్పాడు. అప్పుడు కోచర్ తన పాత రోగులను మళ్లీ రమ్మని కబురు పెట్టాడు. ఆ పిల్లా, ఆమె చెల్లెలూ ఒకప్పుడు ఎవరు ఎవరో పోల్చుకోలేనంత ఒకేలా ఉండేవారట. ఇప్పుడు చెల్లెలు ఎదిగిన ఆడపిల్ల, అక్క మాత్రం పొట్టిగా, ఉబ్బిన ముఖంతో, నెమ్మదిగా మాట్లాడుతూ మిగిలిపోయింది. గ్రంథి పూర్తిగా తీయించుకుని తిరిగి వచ్చినవారిలో చాలామందిది అదే పరిస్థితి. 1883లో కోచర్ ఈ సంగతిని సర్జన్ల సభలో తానే చెప్పాడు. మామూలు గడ్డలకు గ్రంథి మొత్తం తీయడం మానేశాడు. థైరాయిడ్ శరీరంలో ఏం చేస్తుందో లోకానికి తెలియడంలో ఆ కబురుకు పెద్ద భాగమే ఉంది. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కథ విన్న ప్రతిసారీ నాకు ఆయన కత్తి కంటే, కబురు పెట్టడానికి రోగుల చిరునామాలు దాచుకున్న ఆ గుమాస్తా ఎవరో అతడే గుర్తుకొస్తాడు. వృత్తి అభిమానం అనుకోండి.

మా కాగితాల్లో "లాస్ట్ టు ఫాలోఅప్" అని ఒక గడి ఉంటుంది. మూడు ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, ఊరి డాక్టరును అడిగి, అయినా మనిషి దొరకకపోతే ఆ గడిలో టిక్కు పెడతాం. ఆ మనిషి బతికినవారి లెక్కలోకీ రాదు, పోయినవారి లెక్కలోకీ రాదు. చివరిసారి మాట్లాడిన తేదీ దగ్గర ఆగిపోతుంది. దొరకనివాళ్లు దొరికినవాళ్లలాగే ఉంటారని నమ్మడానికి వీల్లేదు. బాగా ఉన్నవారు విసుగెత్తి మానేసి ఉండవచ్చు, బాగా లేనివారు రాలేక మానేసి ఉండవచ్చు. ఇంగ్లండులో ఆ గడి నింపవలసిన అవసరం తక్కువే. ప్రతి మనిషికీ 10 అంకెల ఆరోగ్య నంబరు ఒకటి ఉంటుంది; ఇల్లు మారినా, ఊరి డాక్టరు మారినా, కన్నుమూసినా ఆ నంబరుకు ఆనవాలు మిగులుతుంది. మా విభాగంవాళ్లు నన్ను పట్టుదల గలదానినని మెచ్చుకుంటారు గానీ, ఇందులో నా గొప్ప కంటే ఆ నంబరు గొప్పే ఎక్కువ.

పెద్దమ్మ మాటకు సమాధానంగా ఆ రాత్రి మేడ మీద పడుకుని నేను కట్టుకున్న వాదన ఇంకొకటి ఉంది. మా ట్రయల్‌లో ఉన్న ఒక పెద్దావిడ, ఎనభై దాటినవారు, ప్రశ్నలన్నిటికీ అంకెలు చెప్పాక, ఆ వారంలో తన ఇంట్లో ఫోను మోగడం అదే మొదలని చెప్పి నాకు కృతజ్ఞతలు చెప్పారు. ఏమనాలో తెలియక, వచ్చే ఏడాది మళ్లీ చేస్తానన్నాను. మన దగ్గర అలా ఉంటుందా? పెద్దమ్మకు ఆపరేషను జరిగిన వారమంతా కొత్తపేటలోని ఆ ఆసుపత్రి వరండాలో మా వాళ్లు వంతులవారీగా పడుకున్నారు. పూటకు రెండు క్యారేజీలు వచ్చేవి, కొబ్బరి బోండాలు మంచం కింద దొర్లేవి. తెనాలి నుంచి, చిలకలూరిపేట నుంచి చూడడానికి వచ్చినవారికి కాఫీలు పెట్టలేక మా అమ్మకు నడుము నొప్పి వచ్చింది. ఇంతమంది ఉన్న మనిషికి ఏడాదికోసారి ఫోను చేసే పరాయి మనిషి ఎందుకు? వాదన బాగానే వచ్చింది. కానీ ఆ వచ్చినవారంతా కుట్లు విప్పేలోగానే వచ్చి వెళ్లారు. చెయ్యి వాచింది ఆ తర్వాత రెండేళ్లకు.

మర్నాడు పాత ఫైలు అడిగి బీరువాలోంచి తీయించాను. కుడి రొమ్ము మొత్తం తీశారు. చంకలోంచి 16 గ్రంథులు తీశారు, రెండింటిలో జబ్బు ఉంది. ఆపైన కీమో, రేడియేషన్. డిశ్చార్జి కాగితం ఎంత పద్ధతిగా రాశారంటే, మా ట్రయల్‌లో వచ్చినా దాన్ని వెనక్కి పంపి ఉండను. పైన కుడివైపు రాసిన ఫోను నంబరు మాత్రం మా ఇంటిది కాదు. పెద్దనాన్న మిర్చి యార్డులో గుమాస్తాగా చేసిన కమీషన్ కొట్టుది. ఎందుకిచ్చావని అడిగితే పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. అప్పట్లో చిన్నక్కకు సంబంధాలు చూస్తున్నారు. పెళ్లివారు హాల్లో కూర్చుని ఉండగా ఆసుపత్రి నుంచి ఫోను వస్తే ఎవరెత్తుతారో, ఏమంటారో. తల్లికి ఆ జబ్బుంటే పిల్లకు రాదా అని వాళ్లు అడిగితే ఏం చెప్పాలో. కొట్టు నంబరైతే పెద్దనాన్నే ఎత్తుతాడు. ఆ కొట్టు మూసేసి తొమ్మిదేళ్లయింది. అక్క పెళ్లయింది, పురుడైంది, చెకప్పుకు వెళ్లడం ఆగిపోయింది. ఆసుపత్రివాళ్లు అడిగారో లేదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? ఖాళీ కొట్టులో ఆ ఫోను ఎన్నిసార్లు మోగిందో ఆ గోడలకే తెలియాలి.

అందుకని గుంటూరు డాక్టర్లను తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. పొద్దున్నే ఆపరేషన్లు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఓపీ చూసే మనిషికి పక్కన నాలాంటి కోఆర్డినేటరు ఒకరుంటే కదా, పాత రోగి చెయ్యి ఎలా ఉందో అడగడానికి. అడిగే ఏర్పాటు ఉంటే మన దేశంలోనూ ఏం తేలుతుందో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి నాయకత్వంలో 11 కేంద్రాల్లో జరిగిన ట్రయల్ చూపించింది. ఆపరేషనులో గడ్డ తీయడానికి కొద్ది నిమిషాల ముందు దాని చుట్టూ లిడోకెయిన్ అనే చవకైన మత్తుమందు ఎక్కించారు. ఐదేళ్ల లెక్కలో, ఎక్కించినవారిలో బతికి ఉన్నవారు 90.1 శాతం, ఎక్కించనివారిలో 86.4 శాతం. 2023లో ఇది ప్రచురితమైనప్పుడు ఇంగ్లండులో మా విభాగంలో చర్చకు పెట్టారు. ఆ రోజు మా ఇంటి పెళ్లి కబురు చెబుతున్నట్టు మాట్లాడానని నా పక్క సీటామె ఆటపట్టించింది. ఆ శాతాల వెనక 1,583 మంది ఆడవాళ్లున్నారు. అంతమంది ఆచూకీ ఏళ్ల తరబడి పట్టి ఉంచడమంటే ఏమిటో, కొట్టు నంబరు చూశాక నాకు ఇంకా బాగా తెలిసింది.

విజయవాడలో మా పిన్నికి థైరాయిడ్ తీసి రెండేళ్లయింది. పొద్దున్నే పరగడుపున మాత్ర, ఆ తర్వాత అరగంట దాకా కాఫీ లేదు. ఆవిడ బాధంతా ఆ అరగంట గురించే. ఒక సెంటీమీటరు లోపు ఉండే, ప్రమాదం తక్కువగా కనబడే థైరాయిడ్ క్యాన్సర్లను వెంటనే కోయకుండా స్కానింగులతో గమనిస్తూ ఉండవచ్చని జపాన్‌లో కోబె నగరంలోని కుమా ఆసుపత్రి 1993లోనే మొదలుపెట్టింది. అలా గమనించిన 1,235 మందిలో ఆ జబ్బుతో ఎవరూ చనిపోలేదని 2014లో ప్రకటించింది. ఇది పిన్నికి చెప్పలేదు. ఆవిడ గడ్డ ఎంతో నాకు తెలియదు. పైగా కోయకుండా గమనించడం అన్నది, పిలిచినప్పుడు రోగి వస్తుందన్న నమ్మకం ఉన్నచోటే సాగుతుంది.

తిరుగు ప్రయాణానికి వారం ఉందనగా పెద్దమ్మను ఫిజియోథెరపీకి తీసుకెళ్లాను. ముందు చేతికి పొరలు పొరలుగా బ్యాండేజీ కట్టి వాపు కొంత తగ్గించాక, కొలత తీసి బిగుతైన తొడుగు వేయాలన్నారు. చేతికి గాట్లు పడకుండా చూసుకోమన్నారు, పడితే జ్వరం దాకా తెస్తుందట. "ఇది ముందే చెబితే గాజులు కోయించుకునేదాన్ని కాదుగా" అంది దారిలో. కుడిచేతి గాజులను కంసాలి దగ్గర కోయించి తీయించుకున్న సంగతి అప్పుడు తెలిసింది. అలాంటి ప్రశ్న నేను అడిగే 53 ప్రశ్నల్లో ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆదివారం ఫోనులో, కూర సంగతి అయ్యాక, నెలకోసారి ఆ చేతి ప్రశ్నలు మూడూ తెలుగులో అడుగుతున్నాను. ఇది ఏ లెక్కలోకీ రాదని నాకు తెలుసు. మొదటిసారి, "అంకె చెప్పాలా? ఏదో రెండు వేసుకో" అంది. మొన్న మాత్రం కాసేపు ఆలోచించి, "వాపుకు రెండు, ఎత్తడానికి మూడు" అని, "మీ ఊళ్లో ఫోను మోగని ఆవిడ ఉందన్నావే, ఆవిడెంత చెప్పింది?" అని అడిగింది.

"అది చెప్పకూడదు పెద్దమ్మా. మా ఉద్యోగంలో నియమం."

"సరే, నాదీ ఆవిడకు చెప్పకు" అంది.